ఐలవ్వ కోసం ఆగిన గేటు

నమోదు 341

మొదటి పాళీ ముగిసింది. ఎండతో కరెంటు ఇచ్చే పలకలు తుడవడానికి పైకి వెళ్ళినవాళ్ళు ఒక్కరు తప్ప అందరూ కిందికి దిగారు. రాని మనిషి పేరు ఐలవ్వ. ఆమె మా అమ్మ. నేను అవ్వా అని పిలుస్తాను.

పై గేటు తెరిచే ఉంది. సొరంగం మొదట్లో వేడి ముప్పై మూడు. బయట పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కలేదు.

తెల్లవారుజామున అవ్వ, గొంతులు వినే గేటు చెవి ముందు నిలబడి "పోయొస్త" అంది. బోర్డు మీద ఆమె పేరు పక్కన దీపం వెలిగింది. ఆ తర్వాత నేను నమోదులు రాసే గది అద్దం దగ్గరికి వచ్చి నాతో కూడా "పోయొస్త బిడ్డా" అంది. రోజూ నాతో విడిగా చెప్పదు. నేను తల ఊపాను. నా నోట్లో రొట్టె ఉంది.

గేటు కాపలా ఓదెలు మామ బోర్డు కేసి చూసి, "ఐలవ్వ పలకలు తుడుస్తున్నదా, పట్టుచీర నేస్తున్నదా? ఇంతసేపేంది?" అన్నాడు.

"వస్తది మామా" అన్నాను.

నమోదు 342

రాలేదు.

పైకి వెళ్ళే ప్రతి మనిషీ మెడలో బిళ్ళ వేసుకుంటారు. అది మనిషి గొంతు వింటుంది, ఎక్కడ ఉన్నారో చెబుతుంది. అవ్వ బిళ్ళ పలకల మైదానంలో లేదు. ఉత్తరాన గుట్టల వరుసలో ఉంది. కాసేపు ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. అంటే ఆమె బతికే ఉంది. మా ఊరికి దూరంగా నడుస్తోంది.

ఇది రాసి ఓదెలు మామకు చదివి వినిపించాను.

"గుట్టలల్ల ఏమున్నది? మేకలోళ్ళు తప్ప" అన్నాడు. ఆ మాట అన్నాక నా ముఖం చూసి గొంతు సవరించుకున్నాడు.

మేకలవాళ్ళు మాలాగా పాత గనుల్లో ఉండరు. పైనే, గుట్టల నీడలో ఉంటారు. వాళ్ళలో సారయ్య అనే ఆయన వారం వారం మా గేటు దగ్గర పాల డబ్బాలు దింపి వెళ్తాడు. ఆ డబ్బాలు అందుకునే పని అవ్వదే. ఊళ్ళో అందరికీ తెలిసినట్టుంది. నాకు ఇప్పుడు తెలిసింది.

సొరంగంలో వేడి ముప్పై ఐదు.

నమోదు 343

బోర్డు మీద దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. దిగివచ్చినవాళ్ళవి కూడా. ఎందుకంటే గేటు ప్రోగ్రాం ఒక్కొక్క పేరూ వరసలో తీసుకుంటుంది. మొదటి మనిషి "వచ్చిన" అనేదాకా రెండో పేరు చూడదు. ఈరోజు అందరికంటే ముందు పైకి వెళ్ళింది అవ్వే.

వంటశాల నుంచి ఒకావిడ వచ్చి నా మీద అరిచింది: "నేనింట్ల కూసోని బువ్వ తింటున్న. బోర్డు మీద నేనింకా పైననే ఉన్ననట! నా వంతు రేషన్ నా సవితి దీస్కపోయింది!"

రాసి ఇస్తానని చెప్పి పంపించాను.

వరసలో చివరి మనిషి కూడా వచ్చాకే పై గేటు పడుతుంది. చేత్తో మూసే చక్రం లేదు. మా తాతల కాలంలో ఒకసారి ఎండకు భయపడి ఎవరో చక్రం తిప్పేశారు. బయట ఒక పాళీ మనుషులు మిగిలిపోయారు. ఆ తర్వాత ఊరంతా కలిసి చక్రాన్ని ఊడదీసి కరిగించారు. మూసే పని ప్రోగ్రాం చేతికి ఇచ్చారు. ప్రోగ్రాంను ఆపి మళ్ళీ మొదలుపెడితే గేటు పూర్తిగా తెరుచుకుంటుంది, అదే వరస మళ్ళీ మొదటి నుంచి చదువుతుంది. ఎవరినీ బయట వదిలేయకూడదని అలా రాశారు. మంచి ఆలోచనే.

ప్రోగ్రాం జావాస్క్రిప్ట్‌లో ఉంది. మా బడిలో వేరే ఏదీ నేర్పలేదు, గేటుకు వచ్చిన భాష అదొక్కటే కనుక. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటిదాన్ని నేనే. నేను చదివిన మొదటి పెద్ద వాక్యం ఈ ప్రోగ్రాంలోని లూపే: ఫర్ అవెయిట్. ఒక్కొక్కరి కోసం ఎదురుచూడు, వచ్చాక తర్వాతి మనిషి కోసం ఎదురుచూడు.

లూప్‌ను ఆపడానికి రిటర్న్ అనే పిలుపు ఉంది. పంపాను. "అందింది" అని జవాబు వచ్చింది. ఏమీ జరగలేదు. మళ్ళీ పంపాను. మళ్ళీ "అందింది". మూడోసారి పంపాక వరస తెరిచి చూశాను. నా మూడు రిటర్న్‌లూ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. వాటి ముందు అవ్వ కోసం ఎదురుచూపు ఉంది. అది ముగిస్తేనే వీటి వంతు. ఎదురుచూపును ఆపమనే మాట కూడా ఆ ఎదురుచూపు వెనకే నిలబడి ఎదురుచూస్తుంది. బడిలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పరీక్షలో రాలేదు.

నమోదు 344

కమిటీ పెద్ద మొగిలి బాపు వచ్చాడు. వెంట బాలింతల గది నర్సమ్మ ఉంది. బాలింతల గది గేటు సొరంగానికి అన్నిటికంటే దగ్గర. కింది అంతస్తులో ఊట నీళ్ళు చేరినందువల్ల దాన్ని అక్కడికి మార్చడానికి లేదు. ఆ గదిలో నెలలు నిండకుండా పుట్టిన ఒక పిల్ల అద్దాల పెట్టెలో ఉంది. సొరంగంలో వేడి నలభై దాటితే ఆ పెట్టెను చల్లబరచలేమని నర్సమ్మ చెప్పింది.

వేడి ముప్పై ఏడు. పొద్దు నడినెత్తికి రాలేదు.

"దాన్ని ఆపెయ్యవే సుగుణా" అన్నాడు బాపు.

"ఆపమన్న బాపు. నా మాట లైన్ల నిలవడ్డది."

"నీ మాటకే లైనా? నువ్వు రాసేదానివి గదనే!"

"రాసేది నేను. ఇనేది అది."

లోపలి వాక్యాలు చదివాను. అన్నిటికంటే లోపల, గొంతు కోసం చెవి పెట్టి కూర్చున్న చిన్న ఫంక్షన్ ఒకటి ఉంది. అది రెండు మాటలకే కదులుతుంది, ఆ రెండూ ఆ మనిషి గొంతులోనే రావాలి. ఒకటి "వచ్చిన". రెండోది, వెళ్ళి ఇక తిరిగి రానివాళ్ళు అనాల్సిన మాట: "పోతున్న". వేరే గని ఊరికి వెళ్ళినవాళ్ళు అక్కడి గేటు ముందు "వచ్చిన" అంటే ఆ కబురు తీగ మీద మాకు చేరుతుంది. అందుకని రెండో మాటతో ఎవరికీ పని పడలేదు. మేకలవాళ్ళకు గేటు లేదు.

రికార్డు అంతా వెతికాను. గేటు పెట్టిన నాటి నుంచి "పోతున్న" అని ఒక్కరూ అనలేదు. అనరు కూడా. మూల మీది దుకాణానికి వెళ్ళేవాళ్ళు కూడా పోయొస్త అనే అంటారు. ఆ మాట ప్రోగ్రాంలో పెట్టినవాళ్ళు తెలుగును పుస్తకంలో చూసి ఉంటారు, ఇంట్లో విని ఉండరు.

"అయితె మీ అవ్వను పిలువు. బిడ్డ పిలిస్తె తల్లి రాదా?" అన్నాడు బాపు.

అవ్వ గుట్టల నీడ దాటి ఎండలో నడవడానికి లేదు. పొద్దు గూకాక బయల్దేరితే చీకట్లో మెల్లగా గుట్టలు దిగి రేపు తెల్లవారేసరికి వస్తుంది. అప్పటిదాకా పెట్టె చుట్టూ మంచు దిమ్మలు పెట్టి ఆపగలరా అని నర్సమ్మను అడిగాను.

"ఆపొచ్చు" అంది. దిమ్మలు వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఆపొచ్చనుకుంటున్న" అంది.

నమోదు 345

అవ్వ బిళ్ళకు పిలుపు పంపాను. ఓదెలు మామ పక్కనే కూర్చున్నాడు. మొదట గాలి శబ్దం, మేకల మెడగంటలు వినిపించాయి. మూడుసార్లు పిలిచాను.

"తిన్నవా?" అంది అవ్వ.

"తిన్న. నువ్వు?"

"గటక తాగిన."

వెనక నుంచి ఒక మగగొంతు, "ఎవలతోని?" అంది.

"నా బిడ్డ. నువ్వు మేకల జూడు పో." మళ్ళీ నాతో, "చెప్తె ఏడుస్తవని చెప్పలే" అంది.

"నేను ఏడుస్తలేను అవ్వా."

"ఔ. నీకు చిన్నప్పటిసంది ఏడుపు రాదు. దాయి చెంపలు గొట్టి ఏడిపించింది నిన్ను, పుట్టిన్నాడు."

నేను గేటు సంగతి చెప్పాను. ముందు గేటు, తర్వాత వేడి, తర్వాత పెట్టెలోని పిల్ల. ఆమె మధ్యలో మాట్లాడకుండా విన్నది.

"నా పేరు మీద గీత గొట్టు. నువ్వే గద రాసేదానివి" అంది.

"కొట్టనియ్యది. నువ్వు పోయొస్త అన్నవు."

"మరేమనాలె? కన్నబిడ్డ మొకం జూసి ఇంకో మాట అంటరా? అది పీనుగుల మాట."

"ఇప్పుడు అనాలె అవ్వా. అది నీ గొంతు తప్ప ఇంకెవరి గొంతూ ఇనది."

మేకల మెడగంటలు దగ్గరికి వచ్చాయి. వేడి ముప్పై ఎనిమిది చూపిస్తోంది.

"నేనొస్త తియ్యి" అంది. "పొద్దు గూకినంక బయలెల్లుత. తెల్లారెటాల్లకు ఆడుంట. వచ్చిన అంట. గేటు వడ్తది. రమ్మంటవా?"

ఓదెలు మామ పిలువు, పిలువు అని చేత్తో సైగ చేశాడు.

రా అవ్వా అంటే సరిపోయేది. కమిటీ కోరినదే. నన్ను ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కారు. ఆ రెండు మాటలూ నోటిదాకా వచ్చి ఉన్నాయి. బదులుగా ఇలా అడిగాను:

"వస్తె మల్ల పోతవా?"

"పోను. నిన్ను జూసినంక మల్ల కాళ్ళు రావు నాకు. ఒక్కపారి తెచ్చుకున్నదే శానా ధైర్యం."

"ఆడ ఎట్లున్నది?"

"గాలి ఆడ్తది బిడ్డా" అంది. అంతే అని ఊరుకుందనుకున్నాను. "పొద్దుగాల సారయ్య చాయ్ వెట్టిండు. పెట్టి నా చేతికిచ్చిండు. నేను కూసోనే ఉన్న. నా పుట్టువడిల కూసోని చాయ్ తాగుడు ఇదే మొదలు."

"వద్దు అవ్వా. రాకు. ఆ మాట అను."

ఓదెలు మామ చేయి కిందికి దించుకున్నాడు.

"అనాలెనా?"

"అనాలె."

ఊపిరి తీసుకున్న శబ్దం వినిపించింది. "పోతు..." అంది. ఆగింది. "పోతు... పోయొస్త."

బోర్డు గంట మోగింది. ఐలవ్వ పేరు కింద ఇంకో ఐలవ్వ పేరు చేరి, ఇంకో దీపం వెలిగింది.

"వారి నీ!" అన్నాడు ఓదెలు మామ. "ఒక్క ఐలవ్వ కోసం ఆగలేక సస్తుంటె ఇద్దరు ఐలవ్వలైన్రు!"

అవ్వ ఆ మాట విని నవ్వింది. ఆపుకోలేక దగ్గింది. నేను ఆమె నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, ఇప్పుడు ఆ మాట రెండుసార్లు అనాల్సి వస్తుందని చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"నోరు తిరుగుతలేదు బిడ్డా. నువ్వు ఇంటున్నవని నోరు తిరుగుతలేదు. ఒక పని జెయ్యి. చెవులు మూసుకో. నువ్వు ఇనకుంటె నీకు తగలది."

"మూసుకుంట."

"గట్టిగ మూసుకో. ఓదెలన్నా, మూసుకున్నదా?"

"మూసుకున్నదమ్మా" అన్నాడు ఓదెలు మామ. అప్పటికి నేను మూసుకున్నాను. ఆయన పెదాలను బట్టి రాస్తున్నాను.

అందువల్ల ఆ మాటను నేను వినలేదు. గేటు విన్నది. మొదటి ఐలవ్వ పేరు పక్కన దీపం పోయింది. ఎదురుచూపు తెగింది. దాని వెనక నిలబడ్డ నా మూడు రిటర్న్‌లూ వరసగా "అయిపోయింది" అని చెప్పాయి. ప్రోగ్రాం మిగిలిన పేర్లతో కొత్త వరస మొదలుపెట్టింది. ఎప్పుడో దిగివచ్చినవాళ్ళ దీపాలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి ఒక్క దీపం మిగిలింది, రెండో ఐలవ్వది.

ఒక చెవి మీద చేయి తీసి, "ఇంకోసారి అవ్వా" అన్నాను. మళ్ళీ మూసుకున్నాను.

ఈసారి ఆలస్యమైంది. ఓదెలు మామ నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను దీపం వైపే చూస్తూ ఉన్నాను. అది పోయింది.

పై గేటు కదిలింది. శబ్దం కాళ్ళ కింది నుంచి తెలిసింది. పేరు తీసేసిన మనిషి బిళ్ళను ప్రోగ్రాం చివర్లో ఆపేస్తుంది, ఫైనల్లీ అనే భాగంలో ఆ వాక్యం ఉంది. అది నాకు ముందే తెలుసు. చేతులు తీశాను. చివరి ముక్క వినిపించింది.

"...అయిందా? అయితే ఇగ ఉంట బిడ్డా."

బిళ్ళ ఆగిపోయింది. గేటు పూర్తిగా పడింది. వేడి ముప్పై తొమ్మిది.

నమోదు 346

వేడి ముప్పై రెండు. పెట్టెలోని పిల్ల బాగుంది. నర్సమ్మ నాకు ఒక మంచు ముక్క తెచ్చి ఇచ్చింది. చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. కరిగాక పని చేశాను.

రేషన్ బోర్డులో మా ఇంటి మనుషుల సంఖ్య దానంతట అదే మారింది. అవ్వ పక్క బట్టలు మడిచి పెట్టాను. ఆమె దువ్వెన తీసుకుపోలేదు.

నమోదు 349

ప్రోగ్రాం దిద్దడానికి కమిటీ అనుమతి ఇచ్చింది. పని కష్టమైనది కాదు. ఆపమనే సంకేతం బయట లూప్ దగ్గర ఆగిపోకూడదు. అన్నిటికంటే లోపల చెవి పెట్టి కూర్చున్న ఫంక్షన్ చేతికే అందాలి. అది "వచ్చిన" కోసం వింటూనే ఈ సంకేతం కోసం కూడా వింటుంది, ఏది ముందు వస్తే దానికి లేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో దీనికి అబార్ట్ సిగ్నల్ అని ఏనాటి నుంచో ఉంది. మా గేటులో లోపలిదాకా ఎవరూ పంపలేదు, అంతే.

ఆ సంకేతం వెళ్ళే మనిషి గొంతులోనే ఉండాలని నేను పట్టుబట్టాను. మొగిలి బాపు కమిటీ చేతిలో ఉండాలన్నాడు. "కమిటీ చేతుల ఉంటె అది మల్ల చక్రమే బాపు" అన్నాను. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని సరే అన్నాడు.

మిగిలింది మాట. జనం నోట పలికే మాట కావాలి. బాపు "సెలవు" అని పెడదామన్నాడు.

"సెలవా?" అన్నాడు ఓదెలు మామ. "ఎన్నడన్న ఇచ్చినవా? ఆ మాటకు మా నోరే తిరగది."

నవ్వారు. నేను "ఉంట" అని పెడదామన్నాను.

"ఉంట అంటె ఉండుడు గద. పోయేటోళ్ళు ఉంట అంటరా?" అని బాపు అడిగాడు.

"అంటరు" అన్నాను.

ఓదెలు మామ "రాయి బిడ్డా" అన్నాడు. రాశాను.

నమోదు 351

కొత్త ప్రోగ్రాంను నిజమైన మనిషితో పరీక్షించాలి. పరీక్ష సరిగ్గా జరిగితే ఆ మనిషి పేరు ఊరి నుంచి తొలగిపోతుంది, మళ్ళీ కొత్తవాళ్ళలాగా లోపలికి రావాలి. ఓదెలు మామ తాను వెళ్తానన్నాడు. ఆయన మోకాళ్ళకు ఆ మెట్లు కుదరవు. తెల్లవారాక నేనే వెళ్ళాను.

గేటు చెవి ముందు "పోయొస్త" అన్నాను. నా పేరు పక్కన దీపం వెలిగిందని మామ లోపల నుంచి చెప్పాడు. మెట్లెక్కి బయటికి వచ్చి నిలబడ్డాను. గాలి ఉంది.

"ఉంట" అన్నాను.

"ఏమన్నవ్? ఇనవడలే" అన్నాడు మామ బిళ్ళలో.

"ఉంట మామా."

ఈసారి గేటు విన్నది. ఎదురుచూపు ఆగింది. లూప్ ఆగింది. ఫైనల్లీ భాగం నడిచింది. నా బిళ్ళ ఆరిపోయింది, పై గేటు నా ముందే కిందికి పడింది. తడబాటు ఎక్కడా లేదు. పరీక్ష సరిగ్గా జరిగింది.

కొత్తవాళ్ళు వచ్చినప్పుడు గేటు అడిగే ప్రశ్నలు నేను ఎప్పుడూ వినలేదు. తలుపు తట్టగానే అది చదువుకున్నవాళ్ళ తెలుగులో మొదలుపెట్టింది.

"మీ పేరు?"

"సుగుణ."

"ఈ ఊరిలో మీకు ఎవరున్నారు?"

"ఐలవ్వ బిడ్డను" అన్నాను. ఎప్పుడు ఎవరడిగినా అదే చెప్పేదాన్ని. ఆలోచించి అన్నది కాదు.

"ఆ పేరు ఊరిలో లేదు. ఈ ఊరిలో మీకు ఎవరున్నారు?"

నేను నిలబడ్డాను. వెనక ఎండ వీపుకు తగులుతోంది. గేటు అదే ప్రశ్న మూడోసారి అడిగింది. దానికి విసుగు రాదు, అలా రాయలేదు.

లోపలి వైపు నుంచి ఓదెలు మామ గొంతు వినిపించింది, కాపలా చెవిలో అరుస్తున్నాడు.

"నేనున్న. తియ్యి."

"మీకు వీరితో సంబంధం?"

"సంబంధమా? దినాం పొద్దున లేస్తె కొట్లాడుకుంటం. చాలదా?"

"సంబంధం అర్థం కాలేదు. మీకు వీరితో సంబంధం?"

లోపల కుర్చీ జరిగిన శబ్దం వినిపించింది.

"మేనమామను" అన్నాడు.

గేటు తెరుచుకుంది. నేను "వచ్చిన" అని లోపలికి దిగాను. రికార్డులో ఇప్పుడు నా పేరు పక్కన ఓదెలు, మేనమామ అని ఉంది. అది నిజం కాదు. తప్పులు దిద్దే పని నాదే. దిద్దలేదు.